అబిగయీలు వాళ్ల గోడ

“ఏమయ్యా, ఎవురినడిగి వేస్తా ఉండావు?”

నిచ్చెనెక్కి గోడ మీద ప్రకటన బొమ్మ వేస్తున్న సుశీల్ కుమార్ కిందికి చూశాడు. ఒక చేతిలో సున్నం బకెట్టు, ఇంకో చేతిలో బ్రష్షు పట్టుకుని నిలబడి ఉంది అబిగయీలు. బళ్లో టీచరు. ఆ చూపుకి ఒకటో తరగతి మొత్తం చేతులు కట్టుకుంటుందనిపించింది.

“మీ నాయన సరే అన్నాడు మేడమ్. క్రికెట్ వార్తల యాప్ ఇది.”

“పైన వార్తలు, లోపల పందేలు! ఇట్టాంటి బొమ్మలు చూసే మా తమ్ముడు టైటస్ దాంట్లో దిగినాడు. కాలేజీ పోయింది, నవ్వూ పోయింది. దిగు.”

అతను దిగాడు. ఆమె ఎక్కింది. సగం వేసిన బ్యాటు మీద సున్నం పడుతుంటే నిచ్చెన ఊగింది. అతను గట్టిగా పట్టుకున్నాడు.

“పట్టుకోమని నేనడిగినానా?”

“పడితే నన్నే గదా తిడతారు మేడమ్!”

ఇది జరిగి మూడేళ్లు. తడి సున్నం వాసన తగిలితే చాలు, సుశీల్‌కి ఆ మధ్యాహ్నం గుర్తొచ్చేది. ఆ తర్వాత అతను వరి విత్తనాలు, సిమెంటు, సువార్త సభల ప్రకటనలు రాశాడు గానీ పందేల బొమ్మ ముట్టలేదు. పందేల ప్రకటనలు ఆపే చట్టం కావాలని అబిగయీలు కావలి ఊళ్లో చర్చీల దగ్గర, మసీదుల దగ్గర సంతకాలు సేకరించింది. దారిలో అతను ఎదురైతే మాత్రం మొహం తిప్పుకునేది.

కారణం వాళ్ల గోడ మూలనున్న రాత. ఏటా జనవరిలో అక్కడ నీలం రంగులో ‘ఎస్.కె. పెయింటర్, రిజర్వ్‌డ్’ అని, పక్కన సంవత్సరం కనపడేది.

ఆగస్టులో చట్టం వచ్చింది. ఊళ్లోని పందేల ప్రకటనలన్నీ చెరిపే పని సుశీల్‌కే దొరికింది. జల్లు వెలిసిన సాయంత్రం ఆ వీధికి వచ్చాడు. ఆమె గేటు దగ్గరే ఉంది.

“చట్టమొచ్చినా మా గోడ వదలవా? మూడేళ్లుగా రిజర్వ్‌డ్ అని రాస్తావుండావే, ఎప్పుడు వేద్దామని?”

“వెయ్యడానికి కాదు మేడమ్, ఎవురూ వెయ్యకుండా. ఆ గుర్తుంటే మా పెయింటర్లెవురూ ఆ ఏడాది గోడ ముట్టరు. మీరు బడికి పోతారు. మీ నాయనేమో ఎవురడిగినా కాదనడు.”

ఆమె వీధి పొడుగునా చూసింది. ఒక్కో గోడ మీద ఒక్కో బ్యాటు. తమ గోడ మాత్రం తెల్లగా ఉంది.

“ముందే చెప్పుండచ్చు గదా?”

“మీరు ఆగితే గదా చెప్పేది!” అని తల దించుకున్నాడు. “గోడ కోసం ఒకటే కాదులేండి. ఏడాదికొక రోజన్నా మిమ్మల్ని చూడచ్చని.”

చూరు నుంచి నీటి చుక్కలు రాలుతున్నాయి. 

“టైటస్ మళ్లీ కాలేజీలో చేరినాడు,” అంది మెల్లగా. “ఆదివారం ఆరాధన అయినాక నాయన ఇంట్లోనే ఉంటాడు. మీ అమ్మని తోడుకోని రా.”

సుశీల్ ఇక అవసరం లేదని మూలనున్న అక్షరాల మీదికి సున్నం బ్రష్షు తీసుకెళ్లాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. నీలం డబ్బాలో కుంచె ముంచి, కింద కూర్చుని, 2025 పక్కన 2026 అని రాసింది.

“ఆరు వంకరపోయింది మేడమ్.”

“దిద్దమని నేనడిగినానా?”

ఈసారి నవ్వుతూ అడిగింది.