చెయ్యి వదిలితేనే తలుపు

మధ్యాహ్నం రెండు దాటింది. కొత్తపాయ లాకు ముందు నలభై పడవలు బారు తీరి ఉన్నాయి. లోవకుమారి పడవ వాటిలో పందొమ్మిదోది. పడవలో చాప మీద ఆమె తండ్రి గవర్రాజు పడుకుని ఉన్నాడు. గుండెకు రక్తం తీసుకెళ్ళే నాళం ఒకటి పూడిపోయిందని, పొద్దు వాలేలోగా ఎగువన ఉన్న పెద్దాసుపత్రికి చేర్చకపోతే దక్కడని ఊళ్ళో డాక్టరు చెప్పాడు. ఈ లాకు ఒక్కటి దాటితే ఆసుపత్రి గంట ప్రయాణం.

సముద్రం పొలాల మీదికి వచ్చి రోడ్లను మింగేశాక డెల్టాలో పెళ్ళికైనా చావుకైనా కాలవే దారి. లాకు తలుపులు తెరిచినప్పుడల్లా పై కాలవలోని మంచినీళ్ళు కొన్ని కిందికి, ఉప్పులోకి పోతాయి. అందుకని రోజుకి ఇన్నిసార్లేనని లెక్క. ఎవరి పడవ ముందు వెళ్ళాలో తేల్చడానికి వంతుయంత్రం పెట్టారు. రోగి మణికట్టుకు నాడిపట్టీ కడతారు. అది గుండె వేగాన్ని, ఊపిరిని, ఒంటి చెమటను చదివి ఒక అంకె చూపిస్తుంది. దాన్ని ఆపదంకె అంటారు. తొంభై దాటితే వరుసతో పని లేకుండా తలుపులు తెరుచుకుంటాయి. సిఫారసు లేదు, లంచం లేదు. పెట్టినవాళ్ళు మంచి ఉద్దేశంతోనే పెట్టారు, ఆ మాట ఒప్పుకోవాలి.

గవర్రాజు సరంగుగా పడవలు నడిపిన రోజుల్లో ఇదేమీ లేదు. రోగి ఉన్న పడవకి ఎర్రగుడ్డ కట్టేవారు. అది కనబడితే ముందున్న పడవలన్నీ ఏమీ అడక్కుండా గట్టుకి ఒరిగి దారి ఇచ్చేవి. లోవకుమారి కూడా ఇవాళ ఓ ఎర్ర తువ్వాలు కట్టింది. ఒక్కరూ తల తిప్పి చూడలేదు. యంత్రం చూసుకుంటుంది కదా, మనకెందుకని అందరికీ అలవాటైపోయింది.

నాడిపట్టీ మీద అరవై రెండు వెలుగుతోంది.

"ఎందుకే కంగారు?" అన్నాడు గవర్రాజు. పెదాలు నల్లబడుతున్నా గొంతులో బెదురు లేదు. "నలభయ్యేళ్ళు ఈ కాలవ మీదే బతికాను. అదే దాటిస్తది." కూతురి చెయ్యి పట్టుకుని నవ్వాడు. అంకె యాభై ఎనిమిదికి దిగింది.

గట్టు మీద మజ్జిగ అమ్ముకునే ముసలావిడ ఇదంతా చూస్తూనే ఉంది.

"ఈ లాకుకి రోగిని తేవడం ఇదే మొదలా అమ్మా?"

"అవును పిన్నిగారూ."

"తెలుస్తానే ఉంది. ఆ చెయ్యి వదులు. నువ్వలా పట్టుకుంటే ఆయనకి నెమ్మదిగా ఉంటది. నెమ్మదిగా ఉన్నోళ్ళకి తలుపు తెరవదు. అటు చూడు."

లోవకుమారి చూసింది. దాదాపు ప్రతి పడవలోనూ ఒక రోగి, పక్కన చేతులు ముడుచుకుని ఓ మనిషి. ఎవరూ ఎవరి తలా నిమరడం లేదు. ఒక పడవలో కొడుకు కళ్ళు తుడుచుకుంటూనే తల్లి మీద కేకలేస్తున్నాడు. లోవకుమారి ముసలావిడ వైపు తిరిగింది.

"భయపెట్టమంటారా?"

"నేనేమీ అన్లేదు తల్లీ. నేను మా ఆయన తల ఒళ్ళో పెట్టుకుని నిమురుతా కూచున్నాను. అంకె యాభై మీద ఉండగానే పోయాడు."

లోవకుమారి తండ్రి చెయ్యి వదిలేసింది. రెండు గంటలు గడిచాయి. అంకె అరవై నాలుగు. "నీకేమైనా అయితే నేనెలా బతకను నాన్నా?" అని ఏడ్చింది. ఆయనే ఆమెను ఓదార్చాడు. తుఫాన్లో పడవ తోలిన మనిషిని ఏం చెప్పి భయపెడతారు? ఊపిరి మాత్రం పొట్టిదవుతోంది. పొద్దు లాకు గోడ వెనక్కి దిగుతోంది.

ఆయన ప్రాణమంతా ఒక్కచోట ఉంది. అది మనవరాలు, లోవకుమారి కూతురు తన్మయి. ఆరేళ్ళది. పొరుగింట్లో వదిలి వచ్చారు. రేవు మెట్ల మీద ఆడుకుంటుంటే రోజూ దాని గౌను అంచు పట్టుకుని కూర్చునేవాడు.

లోవకుమారి మొహం అటు తిప్పుకుంది.

"నాన్నా, ఇంటి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. తన్మయి కాలవలో పడిపోయిందంట. ఇంకా దొరకలేదంట."

కూతురు అబద్ధమాడగలదని గవర్రాజుకి తెలీదు. "గెడ... నా గెడ ఇయ్యవే!" అంటూ పడవ తోసే కర్ర కోసం లేవబోయాడు. పడవ ఊగిపోయింది. ఎనభై. ఎనభై ఆరు. తొంభై మూడు. లాకు గంట మోగింది. ముందున్న పడవలన్నీ గట్టుకి ఒరిగాయి, గంట మోగింది కాబట్టి.

పడవ లోపలికి వెళ్ళింది. వెనక తలుపులు మూసుకున్నాయి. పడవను పై కాలవ ఎత్తుకి లేపడానికి నీళ్ళు పెరగడం మొదలైంది.

"అబద్ధం నాన్నా! తలుపు కోసం చెప్పాను. తన్మయి పొరుగింట్లోనే ఉంది, ఇదిగో విను!" ఫోను కలిపి ఆయన చెవికి ఆనించింది.

"తాతా, ఎప్పుడొస్తావ్?" అంది పాప.

గవర్రాజు పడవ అంచు మీదికి వాలి నీళ్ళలోకే చూస్తున్నాడు, వెతుకుతున్నట్టు. ఆ చూపు అక్కడే ఆగిపోయింది.

నీళ్ళు పెరగడం కూడా ఆగింది.

"ఆపదంకె సున్నా," అంది వంతుయంత్రం మర్యాదగా. "మంచినీటి పొదుపు దృష్ట్యా మీ పడవను వరుస చివరికి పంపుతున్నాం. దయచేసి సహకరించండి."

వెనక తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. పడవ వచ్చిన దారినే, బారులోని పడవల పక్కనుంచి వెనక్కి సాగింది. లోవకుమారి తండ్రి చెయ్యి రెండు చేతులతోనూ పట్టుకుని కూర్చుంది. ఇక ఎంతసేపైనా పట్టుకోవచ్చు.

ఒక పడవలోంచి ఓ అమ్మాయి ముందుకు వంగింది. ఆమె పక్కన తల్లి రొప్పుతూ పడుకుని ఉంది.

"అక్కా, మీకు వెంటనే తలుపు తెరిచింది కదా. ఏం చెప్పారు? మాకూ చెప్పరా?"

లోవకుమారి తండ్రి చెయ్యి వదల్లేదు.

"మీ అమ్మ చెయ్యి పట్టుకో చెల్లీ," అంది.

ఆ అమ్మాయి తల్లి వైపు చూసింది. లాకు తలుపుల వైపు చూసింది. రెండు చేతులూ చంకల్లో గట్టిగా ఇరికించుకుంది.