తనంతట తానే పెరిగిన చీర

ఆదోనిలో ప్రైవేటు డిటెక్టివ్ నజ్మా చేతిలో టీ గ్లాసు ఇంకా దించనే లేదు, ఎమ్మిగనూరు నుంచి వచ్చిన శ్రీశైలమ్మ గడపలోనే కూలబడింది.

"అమ్మా, నాకు పిచ్చి పట్టిందో లేదో నువ్వే తేల్చు. లేకుంటే రేపు నా కొడుకు నన్ను పిచ్చాసుపత్రిలో సేర్చి మగ్గం అమ్మేస్తాడంట."

సంగతేమిటంటే, ఆమె సంతకో నీళ్లకో పోయి వచ్చేసరికి మగ్గం మీది చీర జానెడు పెరిగి ఉంటుంది. ఆ ఇంట్లో నేసేది తనొక్కతే. మొగుడు జయన్న మరమగ్గాలు వచ్చిన ఏడాదే పోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడెను పొయ్యిలో పెట్టి, ఈ జన్మలో మగ్గం ముట్టనని ఊరందరి ముందు ఒట్టు పెట్టుకున్నాడు. ఇప్పుడు జిన్నింగు మిల్లులో రాత్రి వాచ్‌మన్. కొడుకు రామాంజిది సెల్‌ఫోన్ల అంగడి. వాడికి దారం ముడి వేయడం కూడా రాదు.

"నేసినట్టు కలలొస్తాయి తల్లీ. నేనే నేసి మర్సిపోతాండానేమో! కాళ్లు గూడా కురసైపోతాండాయి. వచ్చి కూసుంటే తొక్కే పలకలు అందవు. మళ్లా వాటిని కట్టిన తాళ్లు పైకి బిగించుకుంటాను."

నజ్మా చటుక్కున తల ఎత్తింది. ఆటో తోలుతూ ఆమెకు సాయంగా ఉండే బాలరాజుకు ఏమీ అర్థం కాలేదు. మేడమ్ తల ఎత్తిందంటే దొంగ దొరికినట్టేనని మాత్రం అతని నమ్మకం.

ముగ్గురూ ఆటోలో ఎమ్మిగనూరు చేరారు. జయన్న గుమ్మంలో తల వంచుకుని లోపలికి వచ్చాడు. అంత పొడుగు మనిషి. అతని వెనకే వచ్చిన రామాంజి తల్లి పోలిక, పొట్టివాడు.

"మగ్గం మీదికి మనసు పోదా అన్నా?" అని అడిగింది నజ్మా.

"థూ! కూడు పెట్టని దాని పేరెత్తొద్దమ్మా!"

అంటూనే అంచు దగ్గర తెగిన పోగును మెలిపెట్టి అతికించేశాడు. ఆ పని తను చేసినట్టు అతనికే తెలియలేదు, పాపం.

శ్రీశైలమ్మ చీర వైపు చూసి కెవ్వుమంది. "మళ్లా పెరిగిండాది!"

"పొద్దున్నుంచి నువ్వు మా కాడనే ఉండావు గదక్కా!" అన్నాడు బాలరాజు.

నజ్మా అందరినీ మగ్గం చుట్టూ నిలబెట్టింది. మొదట శ్రీశైలమ్మను మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టమంది. పలకలు అందలేదు. రామాంజికీ అందలేదు. జయన్న మాత్రం కదలలేదు.

"కూసో అన్నా. తాళ్లు నీ కాళ్ల కొలతకే దించి ఉండాయి. ఈ ఇంట్లో పిచ్చి ఎవరికీ లేదు. ఆశ ఉంది. నోటితో వద్దని ఒట్టేస్తే అది సేతుల్లోకి దిగింది."

జయన్న నేల చూపులు చూశాడు. "గుంతలో దిగితేగాని నాకు నిద్ర రాదమ్మా. ఒట్టు తప్పినానంటే ఊరు నగదా?"

"నీ నగుబాటు దాసుకోను నాకు పిచ్చి అంటగడితివే!" అంది శ్రీశైలమ్మ. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నేయాలనుంటే నెయ్యి. నా గుంతలో గాదు, పక్కన ఇంగోటి తవ్వుకో. రేయ్ రామాంజీ, మీ నాయినకు గడ్డపార ఇయ్యి."

శ్రీశైలమ్మ తన గుంతలోకి దిగి తాళ్లు పైకి బిగించుకుంది. పలకలు పాదాలకు తగిలాయి.