డబ్బాలో మూగబోయిన రేడియో

"హార్బర్ దారిలో మైన్లు పెట్టారు. నాలుగున్నరకల్లా పాతిక చేపల పడవలు వాటి మీదికొస్తాయి. వార్నింగ్ బ్రాడ్‌కాస్ట్ అవుతూనే ఉంది, లైట్‌హౌస్ నుంచి చూస్తే ఒక్కటీ వెనక్కి తిరగట్లేదు. నీకు ఇరవై నిమిషాల టైముంది" అన్నాడు చీఫ్ ఫోనులో.

ఏసీ మెకానిక్ వేషంలో, నడుముకు స్క్రూడ్రైవర్ దోపుకుని రేడియో స్టేషన్ మెట్లెక్కుతున్న ఏజెంట్ చీమ రెండేసి మెట్లు దూకింది. ఆ పడవల్లో ఒకదాని మీద ఆమె తమ్ముడున్నాడు.

కంట్రోల్ రూమ్‌లో స్పీకరు ఖంగుమంటోంది. ఆకుపచ్చ సిల్కు కోటులో సిగ్నల్ కన్సల్టెంట్ మేడమ్ నవ్వింది. మైన్లు పెట్టిన విదేశీ ముఠాలోకి గూఢచారిగా డిపార్ట్‌మెంటే పంపిన మనిషి.

"ఎండ దంచేస్తోంది" అంది చీమ.

"గొడుగు ఇంట్లోనే మర్చిపోయాను." కోడ్ సరిపోయింది. "సిగ్నల్ ఫస్ట్ క్లాస్, తల్లీ. ఆ పడవలవాళ్లు నిద్రపోతున్నారేమో!"

మూలనున్న ముసలి ఆపరేటర్ గొణిగాడు: "టవర్ కింద కూర్చుంటే అన్నీ బాగానే వినబడతాయి. రోజూ నేను రేడియోని రేకు డబ్బాలో పెట్టి మూతేసి వింటానమ్మా. దూరం పడవకి అందే సిగ్నల్ అంతే. ఇవాళ మేడమ్ వద్దన్నారు."

చీమ రేడియోను డబ్బాలో పెట్టి మూతేసింది.

రేడియో మూగబోయింది.

ఆపరేటర్ మీటర్ల దగ్గరికి ఉరికాడు. "సిగ్నల్ రెండు పొరలుగా పంపాలి! అడుగున మోటు పొర, ఉత్త మాటలు. పవర్‌లో ఎక్కువ భాగం దానికే, దూరం వెళ్లేది అదే. పైన నాణ్యమైన పొర, దగ్గరివాళ్లకి. ఎవరో అడుగుది తీసేసి పవరంతా పైదానికి పోశారు!"

"బాబాయ్ తెలివే తెలివి" అంది మేడమ్. ఆమె చేతిలోని లిప్‌స్టిక్ గొట్టం చీమ గుండెకు గురిపెట్టి ఉంది. "ముఠావాళ్లు నన్ను బాగా చూసుకుంటారు. కదిలితే కాలుస్తా."

నాలుగూ ఇరవై ఎనిమిది.

చీమ కళ్ల ముందు తమ్ముడు తప్ప ఏమీ కనిపించలేదు. ఊపిరి బిగబట్టి స్క్రూడ్రైవర్ పిడి నొక్కింది. మత్తు పొగ భగ్గున మేడమ్ మొహాన కొట్టింది. గుండు సీలింగ్‌లో దిగబడింది, మేడమ్ నేల మీద కూలబడింది.

"తిప్పు బాబాయ్, తిప్పు!"

ఆపరేటర్ నాబ్ తిప్పి పవర్‌ని అడుగు పొరకి మళ్లించాడు. మూసిన డబ్బాలోంచి బొంగురు గొంతు లేచింది: "పడవలు వెనక్కి తిప్పండి... మైన్లు..."

చీమ ఫోను చెవికి అదుముకుంది.

"తిరిగింది" అన్నాడు చీఫ్. "మొదటిది... అన్నీ తిరుగుతున్నాయి."

"ఎంత దూరంలో, సార్?"

"అది మాత్రం అడక్కు."

మర్నాడు తమ్ముడు క్షేమంగా ఇల్లు చేరి, చెప్పులైనా విప్పకుండా అడిగాడు: "అక్కా, రేడియోలో ఎవరో మరీ బొంగురుగా అరిచారే! ఉద్యోగం ఇచ్చేముందు గొంతు చూసుకోరా ఏమిటి?"