ఉన్నారా అని అడిగే ఉద్యోగం

ఆ ఆఫీసులో అతని పని ఫోన్లు చెయ్యడం. లింఫోమా అనే గ్రంథుల క్యాన్సర్ ఏటా ఎంతమందికి వస్తోంది, వాళ్ళలో ఎంతమంది ఐదేళ్ళు దాటుతున్నారు అన్న లెక్క అక్కడ కడతారు. ఏడాదికోసారి ప్రతి ఇంటికీ ఫోన్ చేసి, మనిషి ఉన్నారో లేరో కనుక్కుని రాసుకోవాలి.

ఆ రోజు ఫోన్ ఎత్తినది ఒకమ్మాయి. పేషెంటు చెల్లెలేమో అనుకుని, గొంతు వీలైనంత మెత్తగా చేసుకుని అడిగాడు.

"మీ ఇంట్లో పేషెంటు... ఎలా ఉన్నారండీ?"

"ఆ పేషెంటుని నేనేనండీ. పోయానని రాసేశారా, కాస్త ఆగుతారా?"

అతను క్షమాపణ చెప్పబోయి, తడబడి, "చాలా సంతోషం" అన్నాడు. అవతల ఆమె పడీ పడీ నవ్వింది.

ఆమె దర్జీ. మెడ పక్కన గడ్డ లేస్తే ఆరు విడతలు మందు ఎక్కించుకుని, బయటపడి రెండేళ్ళయింది. ఫారం మీద సంతకం కావాలన్న వంకతో అతను కొట్టుకు వెళ్ళాడు. ఆ తర్వాత గుండీ ఊడిందని వెళ్ళాడు. ఊడిన గుండీకి గుడ్డ చిరగదని, పీకితేనే చిరుగుతుందని ఆమె తాపీగా పాఠం చెప్పింది. అప్పట్నుంచీ వంకలు మానేసి ఊరికే వెళ్ళేవాడు. లెక్కలాయనా అని పిలిచేది. వాన పడితే ఇస్త్రీ బల్ల పక్కన నిలబడిపోయేవాడు. ఎప్పుడో వెలిసిందని ఆమె చెప్పేదాకా అతనికి తెలిసేది కాదు.

మరుసటి ఏడు జబ్బు తిరగబెట్టింది. ఆమె చెప్పలేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన కాగితాల కట్టలో ఆమె పేరు అతనే చూశాడు. తిరగబెట్టినవాళ్ళ పట్టిక అతనికి కంఠతా వచ్చు. ఎంత వద్దనుకున్నా అంకెలు వదల్లేదు. లేచి తిన్నగా కొట్టుకు వెళ్ళాడు.

అతని మొహం చూడగానే ఆమె మిషను ఆపేసింది.

"నాలాంటి వాళ్ళు వందకి ఎంతమంది మిగులుతారు?"

"సగం కన్నా తక్కువ."

"తెలిసి ఎందుకొచ్చావు?"

"పెళ్ళి చేసుకుందామని అడగడానికి."

"జాలా?"

"జాలైతే అబద్ధం చెప్పేవాణ్ణి."

ఆమె వెళ్ళిపొమ్మంది. అతన్ని చూస్తే బతకాలనిపిస్తోందని, ఆ ఆశే తను మొయ్యలేకపోతోందని చెప్పి, వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

అతను మెట్టు మీద కూలబడ్డాడు. కాసేపటికి ఆమె తండ్రి వచ్చి పక్కన నిలబడ్డాడు. మూలన కూర్చుని కాజాలు కుట్టుకునే మనిషి. ఇన్నాళ్ళలో అతనితో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు.

"బాబూ, అది ఏడుస్తోంది. నాకు ఓదార్చడం చేతకాదు. వాళ్ళమ్మ పోయినప్పుడూ చేతకాలేదు. నువ్వు లోపలికి వెళ్ళు."

గడియ పెట్టి లేదు. ఆమె గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. అతను వెళ్ళి పక్కన కూర్చున్నాడు. ఆమె పొమ్మనలేదు. పట్టపగలే తండ్రి కొట్టు షట్టరు దించుతున్న చప్పుడు వినిపించింది.

ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"భయంగా ఉంది," అంది.

"నాకూ," అన్నాడు.