తెల్లామె మడుగు దగ్గర సోంపు వాసన

హోర్స్ ఊళ్ళో ఎవర్నడిగినా ఒకటే మాట — చీకటి పడ్డాక తెల్లామె మడుగు వైపు పోవద్దు.

పొయ్యిలో మండించడానికి బురదనేలలోంచి పీట్ మన్ను తవ్వుకునే పాత రోజుల్లో ఒకావిడ చంటిబిడ్డతో సహా ఆ మడుగులో మునిగిపోయిందట. పొగమంచు లేచిన రాత్రి తెల్లగా ఒడ్డున నిలబడుతుందట. మీద పడదు, గొంతు పిసకదు... ఊరికే ఊపిరి వదులుతుంది. ఆ ఊపిరి సోకినవాడు పేగులు నోట్లోకి వచ్చేలా కక్కుకుంటాడు. కక్కించే దెయ్యం! ఇంత రోత దెయ్యం ఇంకే ఊరికైనా ఉందో లేదో.

రెండేళ్ళ కిందట ఆ ఊరి సైకిల్ క్లబ్బువాళ్ళు తమ కంకర సైకిల్ దారిని సరిగ్గా ఆ మడుగు ఒడ్డు మీదుగా మళ్ళించారు. చదునైన నేల, బారులు తీరిన పైన్ చెట్లు, హీథర్ పొదల బీడు, మధ్యలో తెల్ల ఇసుక, కంకర బాట. బ్రబాంట్ రాష్ట్రం మొత్తంలో ఇంత మంచి దారి లేదని వాళ్ళ గొప్ప. ఏటా నవంబరులో ఒక ఆదివారం నాలుగు వందల మంది తొక్కుతారు. పెద్దలకి అరవై కిలోమీటర్లు, పిల్లలకి పదిహేను.

దారి మళ్ళించిన ఏడాదే ఆరుగురు పిల్లలు కక్కుకున్నారు. పోయినేడు పంతొమ్మిది మంది.

ఆ పంతొమ్మిది మందిలో క్లబ్బు సభ్యురాలు యోరీన్ కూతురు ఫెన్నా ఒకతి. పదకొండేళ్ళ పిల్ల. నోరంతా పొక్కిపోయి నాలుగు రోజులు ఆసుపత్రిలో సెలైన్ మీద ఉంది. గుంటల్లోని మురికినీళ్ళు చక్రాలకి చిమ్మి నోట్లో పడి ఉంటాయన్నాడు డాక్టరు. ఊళ్ళోవాళ్ళు మాత్రం ఇంకో సంగతి పట్టుకున్నారు. పెద్దవాళ్ళు ఒక్కరూ కక్కలేదు, చూశారా? తెల్లామెకి కావలసింది పిల్లలే...

ఈ ఏడు ఫెన్నా మళ్ళీ బయల్దేరుతానంది. "అందరూ తొక్కుతుంటే నేనొక్కదాన్నే ఇంట్లో కూర్చోవాలా? కూర్చోను పో!" అని తలుపు ధడాలున వేసుకుంది. యోరీన్‌కి ఆ పిల్ల పంతం తెలుసు. ఆ పంతం తనదే మరి.

అందుకని ముందురోజు శనివారం బాణం గుర్తులు కట్టే పని తనే తీసుకుంది. దారి పొడుగునా మలుపు మలుపుకీ గుంజలకి పసుపు బాణాలు ప్లాస్టిక్ పట్టీలతో బిగించి రావాలి. మడుగు దగ్గర ఏముందో కళ్ళారా చూడాలి. ఏదైనా ఉంటే బాణాలు అప్పటికప్పుడే తిప్పేయాలి. తెల్లారితే తన పిల్ల ఆ దారినే వెళ్తుంది.

క్లబ్బు వంటింట్లోంచి డ్రీక్ బాబాయ్ తల బయటపెట్టాడు. డెబ్భై రెండేళ్ళ రిటైరైన పోస్ట్‌మన్. రోజూ పొద్దున్నే సైకిల్‌కి బండి కట్టుకుని బీడంతా తిరిగి, జనం పారేసిన చెత్త ఏరుకొస్తాడు. మంచి వస్తువు పారేస్తే ఆయన ప్రాణం ఊరుకోదు. ఊరంతా ఆయన్ని నెత్తిన పెట్టుకుంటుంది.

"వెళ్ళిరా అమ్మాయ్. రేపు పిల్లలకి ఇవ్వాల్సిన సోంపు పాలు కాస్తున్నా. వచ్చాక నీకో గ్లాసు."

"మరి లాంబెర్ట్ ఏడీ? తోడొస్తానన్నాడుగా?"

యోరీన్‌తో పాటు క్లబ్బులో తొక్కే లాంబెర్ట్ వచ్చాడు. పైన్ తోట చివరి గుంజ దాకా బాగానే వచ్చాడు. అక్కడ బ్రేకు నొక్కి నిలబడిపోయాడు.

"యోరీన్... నేనిక్కణ్ణించి వెనక్కి పోతా."

"ఏం? భయమా?"

"భయం కాదే! శనివారం కదా... ఇంట్లో ఆలుగడ్డలు వేయించి పెట్టారు. చల్లారితే తినలేం."

"పో పో. తెల్లామె నీ జోలికి రాదులే, నీ బుద్ధి చూస్తే ఆమెకే వాంతవుతుంది."

సాయంత్రం ఆరున్నరే. అయినా నవంబరు కదా, కాటుక పూసినట్టు చీకటి. కంకర మీద టైర్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. దీపం వెలుగులో పొగమంచు... ముందు మోకాళ్ళ దాకా... తర్వాత నడుం దాకా...

అప్పుడు తగిలింది వాసన.

సోంపు! చిన్నప్పుడు గడ్డకట్టిన కాలువ మీద జారి జారి ఇంటికొస్తే అమ్మ పోసిచ్చే సోంపు పాల వాసన. కానీ దాని అడుగున ఇంకేదో ఉంది — పిల్లి ఉచ్చ పోసిన గోనె సంచి కంపు. కుళ్ళిన మాంసం కంపు. అమ్మ చేతి పాలలో ఎవరో ఉమ్మేసినట్టు అనిపించి యోరీన్‌కి ఒళ్ళు మండిపోయింది.

సైకిల్ పొదల్లో పడేసి, దీపం ఆర్పి, వంగి వంగి నడిచింది. గళక్... గళక్... గళక్... మడుగు ఒడ్డున ఏదో మింగుతున్నట్టు చప్పుడు.

ఆనుకుందామని నేల మీద చెయ్యి వేసింది. మెత్తగా, జిగటగా, చల్లగా... చేతి కింద కప్పలు. పొట్టలు ఉబ్బి వెల్లకిలా పడి ఉన్న చచ్చిన కప్పలు. తోలు ఊడి వేళ్ళకి అంటుకుంది. అరుపు గొంతులోనే నొక్కుకుంది.

తలెత్తి చూసింది.

తెల్లామె.

ఒడ్డున నిలబడి ఉంది. తల నుంచి కాళ్ళ దాకా తెలుపు. మొహం లేదు... ముక్కూ నోరూ ఉండాల్సిన చోట నల్లటి మూతి ముందుకు పొడుచుకొచ్చి ఉంది. దాని వెనకే ఇంకోటి. అదీ తెలుపే. అదీ మొహం లేనిదే.

యోరీన్ వెనక్కి పరుగెత్తబోయింది. ఫెన్నా మొహం కళ్ళ ముందు మెదిలింది.

అంతలో మొదటి తెల్లామె మాట్లాడింది — మగగొంతుతో.

"తొందరగా కానియ్‌రా. ఈ మాస్కులో ఊపిరాడి చావట్లేదు."

"అయిపోయింది. ఖాళీ డబ్బాలు?"

"వదిలెయ్. పోయినసారి వదిలినవి కూడా ఎవరో ఏరుకుపోయారు."

ఓసోస్! దెయ్యం కాదు, ఒళ్ళంతా తెల్ల ప్లాస్టిక్ తొడుగులు వేసుకున్న మనుషులు! పేపర్లలో రాస్తుంటారే — దొంగతనంగా మత్తుమందు వండి, సోంపు వాసన కొట్టే ఆ విషపు కడుగులు అడవిలో పారబోసే వెధవలు. దీపాలు వెయ్యకుండానే వాళ్ళ వ్యాను వెళ్ళిపోయింది. దీపాలు వెయ్యకుండానే వాళ్ళ వ్యాను వెళ్ళిపోయింది.

వీళ్ళకన్నా దెయ్యమే నయం. దానికి కనీసం బిడ్డ పోయిన దుఃఖమైనా ఉంది. వీళ్ళకేముంది? యోరీన్ కసిదీరా తిట్టింది. హీథర్ కొమ్మలకి చెయ్యి తుడిచింది, ఇసుకతో తోమింది, మళ్ళీ తుడిచింది. కంపు పోలేదు. పోలీసులకి ఫోన్ చేసింది. తర్వాత చలికి కొంకర్లు పోతున్న వేళ్ళతో అటువైపు కట్టాల్సిన బాణాలన్నీ హైవే పక్క దారికి కట్టేసింది. రేపు ఒక్క చక్రం కూడా ఇటు రాదు.

తిరిగి తొక్కుతుంటే ఏడాదిగా గుండెల మీదున్న బండ దిగినట్టుంది. కారణం దొరికింది. ఫెన్నా గట్టెక్కింది.

క్లబ్బులో వెచ్చగా ఉంది. యోరీన్ బాత్‌రూములో మూడుసార్లు సబ్బు రుద్దుకుని వచ్చేసరికి డ్రీక్ బాబాయ్ గ్లాసు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. సోంపు పాలు. ఇవాళ అవి ముట్టుకోవాలనిపించలేదు. కానీ ముసలాయన మొహం చూసి కాదనలేకపోయింది. ఒళ్ళేమో వణుకుతోంది. రెండు పెద్ద గుక్కలు తాగింది. ముక్కు నిండా ఇంకా మడుగు కంపే ఉంది గనక రుచి తెలియలేదు.

ఎవరో మడుగులో విషం పారబోస్తున్నారని చెప్పింది. ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఎంత పాపం చేస్తున్నారమ్మా! బంగారం లాంటి బీడు... నీ గొంతేంటి అలా అయింది? ఇంకాస్త తాగు."

మళ్ళీ పోసుకొద్దామని వంటింట్లోకి వెళ్ళాడు. యోరీన్ కూడా వెనకే వెళ్ళింది.

రేపటి పాలు బల్ల మీద వరసగా పెట్టి ఉన్నాయి. తెల్ల ప్లాస్టిక్ క్యాన్లు.

ఎర్ర మూతలు.

పిడులకి ఒక చుట్టు ఆకుపచ్చ టేపు.

"బాబాయ్..." యోరీన్ బల్ల వైపు వేలు చూపించింది. "ఈ క్యాన్లు..."

"బాగున్నాయి కదూ?" డ్రీక్ బాబాయ్ మొహం వెలిగిపోయింది. "మడుగు పక్కన పొదల్లో దొరికాయి. ఏటా దొరుకుతాయి. ఎవరు పారేస్తారో, పుణ్యాత్ములు! చెక్కుచెదరలేదు. వేడినీళ్ళతో మూడేసిసార్లు కడిగా. ఎంత కడిగినా ఆ సోంపు ఘుమఘుమ పోదు చూడు — సోంపు షర్బత్ వాళ్ళవే అయ్యుంటాయి. అందుకే రెండేళ్ళుగా పాలల్లో నేను సోంపు వెయ్యడమే మానేశా!"

పెద్దవాళ్ళు కాఫీ తాగుతారు. సోంపు పాలు పిల్లలకే.

పోయినేడు ఫెన్నా మూడు గ్లాసులు తాగింది. రెండయ్యాక ఇంక చాలు, నాలుక మండుతోందంది. వేడికే మండుతుందిలే, చలిలో వచ్చావు తాగు అని, మూడో గ్లాసు తల్లే దగ్గరుండి తాగించింది.

యోరీన్ నాలుక చివర సన్నగా మంట మొదలైంది. సింకు మీదికి వంగి రెండు వేళ్ళు గొంతులోకి దోపుకుంది. వేళ్ళకి ఇంకా కప్పల కంపు ఉంది.

వెనక నుంచి డ్రీక్ బాబాయ్ మెల్లగా వీపు నిమిరాడు.

"ఏమైందమ్మాయ్... పంచదార ఎక్కువైందా?"