అరవై అంకెల ఊపిరి

1979, ఆషాఢ అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు! నడినెత్తిన ఉండాల్సిన సూర్యుణ్ణి కారుమబ్బులు మింగేశాయి. పలమనేరు శివారులోని ఒక పెంకుటింటి దూలం మీద పట్టపగలే గుడ్లగూబ ఘూకారం చేసింది! కింద నులకమంచం మీద పందొమ్మిదేళ్ల మునిలక్ష్మి నిద్రపోతోంది. ఆమె తలాపున ఎర్రగుడ్డ పరిచి, దాని మీద మనిషి పుర్రె పెట్టుకుని కూర్చున్నాడు క్షుద్రోపాసకుడు రాజారత్నం.

మునిలక్ష్మికి నిద్రలో ఊపిరి ఆగిపోతుంది. రాత్రి నిద్ర నిలవక పగలు కూడా పడుకుంటుంది. గుండె బాగానే ఉందనీ, నిద్రలో కనిపెట్టి ఉండమనీ చిత్తూరు డాక్టరు చెప్పాడు. మూడేళ్లుగా తల్లి దేవకమ్మ బిడ్డ మణికట్టు నాడి మీద వేలుంచి, ఎద లేచి పడటం చూస్తూ, కాలు కదిలినా గుర్తుపెట్టుకుంటూ కూర్చుంటోంది. తండ్రి కుప్పయ్యకు అంత ఓపిక ఎక్కడిది? మంత్రగాణ్ణి పిలుచుకొచ్చి, తాను వాకిట్లో బీడీ ముట్టించుకున్నాడు. మగమహారాజు!

ఆ మహామాంత్రికుడి ఎత్తు వేరు. ఊపిరి ఆగిన క్షణాన కన్నెపిల్ల ప్రాణాన్ని పుర్రెలోకి లాగితే తనకు నూరేళ్ల ఆయుష్షు కలిసొస్తుందట! ఉన్న యాభై ఏళ్లలో వాడు చేసిన ఘనకార్యం కోళ్ల మెడలు విరవడమే. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట.

"ఎంతసేపు ఆగుతాదో సెప్తా, ఇను సామీ," అంది దేవకమ్మ. "రోజూ సూస్తా ఉండేదాన్ని."

"ఆడదాని లెక్కలు నాకెందుకు? నోరు మూసుకోని మూలకు పో."

"నోరు మూస్తాను. సెయ్యి మాత్రం తియ్యను."

వాడు నల్లదారాన్ని పుర్రె కళ్లలోంచి దూర్చి, ఒక కొస పిల్ల మణికట్టుకు, ఇంకో కొస తన మెడకు కట్టాడు. నీ శ్వాసే నా శ్వాస అంటూ బంధనమంత్రం జపించాడు. ఆమె పీలిస్తే పీల్చాడు... వదిలితే వదిలాడు...

ఫెళఫెళమని ఉరుము! మునిలక్ష్మి ఊపిరి వదిలింది. మళ్లీ తీసుకోలేదు.

రాజారత్నం పళ్లికిలించాడు. దేవకమ్మ పెదవులు కదుపుతూ లెక్క మొదలుపెట్టింది. పది... ఇరవై... పుర్రె కళ్లలో నీలిజ్వాల లేచి, ప్రాణం కోసం దారం వెంట పాకింది! మణికట్టు దగ్గర తల్లి వేలు అడ్డం. మూడేళ్లు రెప్పవాల్చని ఆ తపస్సు ముందు వాడి మంత్రమెంత? ఆకలిగొన్న జ్వాల వెనక్కి మళ్లింది.

ముప్పై... వాడి నవ్వు ఆరిపోయింది. ఆమె పీలిస్తే గాని వాడు పీల్చలేడు! దారం తెంపబోయాడు, తెగలేదు. జ్వాల వాడి మెడను చుట్టేసింది. నలభై... కళ్లు వెళ్లుకొచ్చి, పిల్లను లేపమని సైగ చేస్తూ, మూలకు పొమ్మన్న ఆడదాని కాళ్ల మీదే పడ్డాడు.

"అరవై దాకా ఆగుతాది," అంది దేవకమ్మ. "సెప్తానంటే ఇనలేదు కదా సామీ. ఇంకా ఇరవై ఉండాది."

యాభై దగ్గర వాడి కాళ్లు తన్నుకోవడం ఆగింది. పుర్రె భళ్లున పగిలింది. దేవకమ్మ గుండె దడదడలాడుతూనే ఉంది, రోజూ ప్రతి అరవైకీ అంతే. యాభై తొమ్మిది... అరవై... మునిలక్ష్మి గుర్రుమని ఊపిరి పీల్చుకుని పక్కకు ఒత్తిగిలింది. తల్లికి కన్నీళ్లు ఆగలేదు.

కుప్పయ్య తలుపు సందులోంచి తొంగిచూశాడు. "సామికి ఏమైందే?"

"కాళ్లు పట్టి మెల్లిగా బయటికి ఈడ్సు," అంది దేవకమ్మ. "బిడ్డ నిద్ర సెడిపోతాది."