బొంగరం బండి

కుర్చీ మళ్లీ తిరిగిపోయింది. బండి ఇంకా కదలనే లేదు, ఎదురుగా లోయా లేదు, సొరంగమూ లేదు. అయినా హిమజ కూర్చున్న కుర్చీ తండ్రికి వీపు చూపించి సముద్రం వైపు ఆగింది. దాలినాయుడికి ఒళ్లు మండిపోయింది.

ఆ కాలానికి విశాఖలో పిల్లలెవరూ బెదురుపట్టీ లేకుండా గడప దాటడం లేదు. మణికట్టుకు కట్టే ఆ పట్టీ, నాడి కొట్టుకునే తీరును బట్టి పిల్ల దేన్ని చూసి బెదిరిందో పసిగట్టి, కూర్చున్న కుర్చీని అటునుంచి మళ్లిస్తుంది. ఆస్పత్రిలో సూది కనిపించదు, బడి బస్సులోంచి వీధికుక్క కనిపించదు. తీరం పక్క వినోదవనంలోని బొంగరం బండిని ఇంటిల్లిపాదీ ఎక్కుతున్నారంటే ఆ పట్టీ చలవే. పట్టాల మీద గుండ్రటి పెట్టె పరుగు, అందులో ఎదురెదురు కుర్చీలు, ప్రతి కుర్చీ దాని పాటికది గింగిరాలు.

"ఏటమ్మా ఇది? నీ బండి పాడయిపోనాది, సూసుకోవా?" అని బండి నడిపే సరోజ మీద విరుచుకుపడ్డాడు దాలినాయుడు. ఇవాళ కూతురి పుట్టినరోజు. అది నవ్వుతుంటే ఎదురుగా కూర్చుని చూడాలని ముచ్చటపడి వచ్చాడు.

సరోజ పట్టీని పరీక్షించింది. "పట్టీ బానే ఉందండి. ఓపాలి అమ్మగారిని మీ కుర్చీలో కూకోమనండి."

భార్య సత్యవేణి కూర్చుంది. కూతురి కుర్చీ మెల్లగా వెనక్కి తిరిగి తల్లి ముందు ఆగింది. హిమజ పళ్లన్నీ కనపడేలా నవ్వింది. క్యూలో ఉన్నవాళ్లు గుసగుసలాడారు. దాలినాయుడికి తల కొట్టేసినట్టయింది.

"అంటే ఏటంటావు? నా గుంట నన్ను సూసి బెదురుతోందంటావా? ఏనాడైనా దాని మీద సెయ్యి సేసుకున్నానా? అడుగు!"

నిజమే, ఏనాడూ చెయ్యెత్తలేదు. అన్నం మాడినా, తలుపు ఆలస్యంగా తీసినా, పెన్సిలు విరిగినా అరిచేవాడు, అంతే.

"ఇప్పుడు సేస్తన్నది సాలదా?" అంది సత్యవేణి.

"ఇప్పెయ్యమ్మా ఆ పట్టీ!"

తండ్రి మాట కాదనే అధికారం సరోజకు లేదు. పట్టీ ఊడదీసి, కుర్చీ తిరగకుండా గొళ్లెం బిగించింది. సత్యవేణి పక్క కుర్చీలోకి జరిగింది. దాలినాయుడు గెలిచినవాడిలా కూతురి ఎదుట కూర్చున్నాడు.

ఈసారి కుర్చీ కదల్లేదు. హిమజ కళ్లు మూసుకుంది.

బండి నిదానంగా మిట్ట ఎక్కుతోంది. పిల్ల రెప్పలు బిగించి, భుజాలు ముడుచుకుని కూర్చుంది. అతని కోపం పోలేదు. కానీ తిట్టడానికి పట్టీ లేదు, సరోజా లేదు.

"అమ్మా, కళ్లు తెరువు. కింద సముద్రం సూడు."

"అరవవు కదా నాన్నా?"

అరవనమ్మా అనబోయాడు. అంతలో బండి మిట్ట దాటి కిందికి దూకింది. ఆ గాలిలో, ఆ పట్టాల రొదలో, మాట పిల్ల చెవిన పడాలంటే అరవాల్సిందే.